కొత్తదనమంతా రేకు లోపలే

రావులపాలెం నుంచి బొబ్బర్లంక వైపు కాలవగట్టు రోడ్డున పోతుంటే, ఆత్రేయపురం వచ్చిందని కొట్ల ముందు బోర్డులే చెబుతాయి. నేతి పూతరేకులు, బెల్లంవి, డ్రైఫ్రూట్‌వి, చాక్లెట్‌వి, షుగర్ ఉన్నవాళ్ల కోసం తీపి లేనివి. పందార, నెయ్యి తప్ప మూడోది ఎరగని మిఠాయికి ఇన్ని వేషాలేమిటని మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు లేదు. గిరాకీ ఎటుంటే వ్యాపారం అటు పోతుంది, పైగా బెల్లం, జీడిపప్పు వేసినవంటే నాకూ ఇష్టమే. నా తగువు వేరే.

రేకు తీసే చోట కాసేపు నిలబడండి. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. దాని పక్కనున్న మూతిలోంచి ఎండు కొబ్బరాకు లోపలికి ఎగదోస్తుంటారు. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చగా జారుగా కలిపిన పిండి పక్కన వెడల్పాటి గిన్నెలో ఉంటుంది. రేకు తీసే ఆవిడ పల్చటి గుడ్డను రెండు చేతులా పట్టుకుని పిండిలో ముంచి, కుండ వీపు మీద పరిచి ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ పక్కకు రాగానే పిండి ఆరి పొర కడుతుంది, అంచులు వాటంతటవే లేస్తాయి. ఒలిచి పక్కన పెట్టి మళ్లీ గుడ్డ ముంచుతుంది. మంట ఎగిస్తే రేకు మాడుతుంది, తగ్గితే కుండను వదలదు. "కొత్త కుండయితే కుదిరేదాకా ఏడిపించేత్తాదండి" అంది నేను చూసిన చోట ఒకావిడ, ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు కుండ వల్ల కాదు, పొగ వల్ల.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఇంకెక్కడో చేసి ఈ ఊరి పేరు తగిలించి అమ్మేవాళ్లను అడిగే హక్కు దక్కింది. కానీ ఆ పత్రం కాపాడేది పేరును, రేకు తీసే చేతిని కాదు. జపాన్‌లో సంప్రదాయ చేతిపనుల కోసం 1974లోనే ఒక చట్టం చేశారు. వస్తువు నిత్యజీవితంలో వాడేదై ఉండాలి, అసలు పని చేత్తోనే జరగాలి, పద్ధతీ ముడిసరుకూ పాతకాలం నుంచి వస్తున్నవై ఉండాలి అని అది అడుగుతుంది. చేతిని లెక్కలోకి తీసుకున్న చట్టమన్నమాట.

చట్టం కన్నా నన్ను ఆకట్టుకున్నది అక్కడి కాగితం కథ. కోచి ప్రాంతంలో కోజో చెట్టు బెరడు నారతో తెంగుజో అనే అతి పల్చటి కాగితం చేస్తారు. ఒకప్పుడు అది టైప్‌రైటర్ల కోసం విదేశాలకు వెళ్లేది. ఆ గిరాకీ పోయింది. హిదాకా వాషి అనే సంస్థ అదే నారతో, యంత్రం మీద, చదరపు మీటరుకు రెండు గ్రాములే తూగే కాగితం తీసింది. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. శిథిలమవుతున్న పాత పుస్తకాలకు, చిత్రాలకు అతికించడానికి ఇప్పుడు దేశదేశాల మ్యూజియాలు దాన్ని కొంటున్నాయి. అక్కడివాళ్లు పొర మీద బుర్ర పెట్టారు. మనం పొర లోపల ఏం పెట్టాలా అన్నదాని మీద పెట్టాం.

అలాగని కుండను తీసేసి యంత్రం పెట్టమని కాదు. గుడ్డ లాగే ఆ ఒడుపు యంత్రానికి పట్టుబడుతుందని నాకు నమ్మకం లేదు, పట్టుబడినా ఆ ఆడవాళ్ల కూలీ ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. మారాల్సింది పొయ్యి. కొబ్బరాకు భగ్గున మండి కుండ లోపలంతా పరుచుకుంటుంది, అందుకే రేకు ఒకే తీరుగా వస్తుంది. ఇంట్లో వాడే గ్యాసు పొయ్యి మంట ఒక్కచోటే తగులుతుంది. కుండ కడుపుకు సరిపడేలా వేడిని పరిచే బర్నరో, పొగను ఇంటి కప్పు దాటించే గొట్టమో ఎవరైనా కూర్చుని తయారు చేయాలి. కాకినాడలో 1946 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆఖరేడు ప్రాజెక్టుకి అంశం దొరకలేదనే పిల్లలు పొద్దున్నే బస్సెక్కితే, మధ్యాహ్నం భోజనాల వేళకి ఆత్రేయపురంలో ఉంటారు.