రెండో మనిషి పని

మావాడు ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఓ కంచం తగ్గుతుందనీ, పెరట్లో బంతి చప్పుడు వినపడదనీ నేనూ మా ఆవిడా ముందే అనుకుంటూ ఉన్నాం. పడవ నీళ్లలోకి దింపే ర్యాంపు సంగతి మాత్రం మాకు తోచలేదు.

మాకో చిన్న పడవ ఉంది. 14 అడుగుల అల్యూమినియం పడవ, వెనక 15 హార్స్‌పవర్ మోటారు. వారం మొత్తం కంప్యూటర్ ముందు గడిపే నాకు శనివారం ఉదయం ఆ పడవే ఊరు. డాలస్‌కి ఈశాన్యాన లవాన్ అనే జలాశయం ఉంది. ట్రినిటీ నది తూర్పు పాయకి అడ్డంగా అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు అవి, ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎనిమిదేళ్లుగా నేనూ మావాడూ చీకటితోనే పడవని బండి వెనక తగిలించుకుని అక్కడికి వెళ్లేవాళ్లం. నేను స్టీరింగ్ దగ్గర ఉంటే వాడు నీళ్ల దగ్గర నిలబడేవాడు. పడవ దిగేది, సాయంత్రానికి ఎక్కేది. దాన్ని ఒక పనిగా నేనెప్పుడూ లెక్క పెట్టలేదు.

వాడు వెళ్లిన తర్వాతి శనివారం ఒక్కడినే వెళ్లాను. దింపడం ఎలాగో అయింది. ఎక్కించేటప్పుడు దక్షిణపు గాలి లేచింది. ట్రెయిలర్ నీళ్లలో పెట్టి, బండి దిగి, ముక్కుతాడు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి పడవని లాగుతున్నాను. ముక్కు నా చేతిలోనే ఉంది. వెనక భాగం మాత్రం గాలికి తలుపులా తిరిగిపోయింది. దాన్ని పట్టుకుందామని రెండడుగులు పక్కకి వేశాను. ర్యాంపు సిమెంటు మీద నీళ్లలో పాచి పేరుకుని ఉంటుంది, కాలు జారింది. మోకాలు చిట్లింది, పడవ వెళ్లి డాక్ స్తంభానికి గుద్దుకుంది. లైన్లో ఉన్న ఓ పెద్దాయన బూట్లతోనే నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు.

ఆ రాత్రి గరాజ్‌లో ఖాళీ బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని ట్రెయిలర్ వైపు చూస్తూ ఉండిపోయాను. మావాడు ఏం చేసేవాడు? బలంతో లాగేవాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. గుర్తు చేసుకుంటే అది కాదు. వాడు లాగింది చాలా తక్కువ. ఎక్కువసేపు చూసేవాడు. "నాన్నా, ఎడమకి... ఇంకొంచెం... ఆగు" అనేవాడు. పడవ పక్కకి జరగబోతే ఒక్క అరచేతితో నెట్టేవాడు.

అంతర్వేది దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు వేటనుంచి వచ్చిన నావని ఇసక మీదికి ఎక్కించడం చూసేవాణ్ణి. కింద దుంగలు వేసేవాళ్లు, రెండు పక్కలా భుజాలు ఆనించేవాళ్లు, హైలెస్సా అని అరుపు. అందరి కంటే పెద్దవాడు మాత్రం భుజం ఆనించేవాడు కాదు, ముందు నిలబడి చెయ్యి చూపించేవాడు. ముసలాయన కదా, బలం లేక నిలబడ్డాడు అనుకునేవాణ్ణి. నావ వంకరగా ఎక్కితే ఇరవైమంది బలమూ వృథా అని ఆ బకెట్ మీద కూర్చున్న రాత్రి అర్థమైంది. నాకు కావలసింది చెయ్యి కాదు, కన్ను. ఆ కన్ను పని ట్రెయిలరే చేసేట్టు చెయ్యాలి.

మొదట గైడ్ పోస్టులు. ట్రెయిలర్ వెనక చివర రెండు పక్కలా నిలువుగా నిలబడే ఇనప రాట్లు ఇవి, వాటి మీద తెల్లటి పీవీసీ గొట్టం తొడుగుతారు. నాలుగడుగుల ఎత్తుంటాయి. ట్రెయిలర్ చట్రానికి రంధ్రాలు వెయ్యొద్దు. జింకు పూత పోయినచోట తుప్పు అందుకుంటుంది, చట్రమూ బలహీనపడుతుంది. యు ఆకారపు బోల్టులతో కరిచిపెట్టి బిగిస్తే చాలు. పడవకీ గొట్టానికీ మధ్య ఎటువైపైనా రెండు వేళ్ల సందు ఉంచాను. మరీ బిగుతుగా పెడితే పడవ మధ్యలో ఇరుక్కుంటుంది, మరీ వదులుగా పెడితే పెట్టిన ప్రయోజనం లేదు. ఇప్పుడు గాలి వీచినా పడవ వెనక భాగం వెళ్లి గొట్టానికి ఆనుతుంది, అక్కడ ఆగుతుంది. మావాడి అరచేయి ఉండే చోటే అది.

వీటితో ఇంకో మేలు ఉందని బిగించాకే తెలిసింది. పడవ లేని ట్రెయిలర్ నీళ్లలోకి వెనక్కి పోతుంటే బండి అద్దాల్లో అసలు కనపడదు. కనపడేసరికి అది ఒక పక్కకి మడతపడిపోయి ఉంటుంది. ఇప్పుడు రెండు అద్దాల్లోనూ రెండు తెల్ల గొట్టాలు కనిపిస్తాయి. కుడి అద్దంలో ఎక్కువ కనపడితే స్టీరింగ్ కుడికి. ఎడమ అద్దంలో ఎక్కువైతే ఎడమకి. "నాన్నా, ఎడమకి" అనే మాట వాటి నుంచే వస్తుంది.

తర్వాత పడవ ముక్కు. ట్రెయిలర్ ముందు నిలువు స్తంభం ఉంటుంది. దానికి పడవని పట్టీతో లాగే వించి, వించి పైన ముక్కు వచ్చి ఆనే రబ్బరు రోలరు. నా పడవ కొన్ననాటి నుంచీ నాలుగంగుళాలు వెనక్కి కూర్చుంటోంది. మోటారు బరువంతా మోసే వెనక పలక బంకుల చివర దాటి గాల్లో వేలాడుతోంది. బంకులంటే పడవ పొట్ట కింద ఉండే, తివాచీ చుట్టిన రెండు పొడవాటి చెక్కలు. పలక కింద చెక్క లేకపోతే గతుకుల రోడ్డు మీద పడవ అడుగు రేకు నెమ్మదిగా వంగిపోతుంది. ఎనిమిదేళ్లు దీన్ని చూసీ చూడనట్టు తిరిగాను. స్తంభం బోల్టులు వదులు చేసి నాలుగంగుళాలు ముందుకి జరిపాను. ఎత్తు కూడా పెంచాను. అంతకుముందు వించి పట్టీ పడవ ముక్కున ఉన్న కొక్కేన్ని కింది నుంచి లాగేది, దాంతో ముక్కు చెక్కల్లోకి దిగబడేది. చేతులు పడిపోయేలా తిప్పడానికి కారణం పడవ బరువు కాదు, ఆ లాగే కోణం.

పడవని ముందుకి జరిపితే బండి కొక్కెం మీద పడే బరువు మారుతుంది. దాన్ని చూడకుండా హైవే ఎక్కకూడదు. మొత్తం బరువులో పదో వంతుకి దగ్గరగా కొక్కెం మీద ఉండాలి. మరీ తక్కువైతే వేగంలో ట్రెయిలర్ తోక ఆడిస్తుంది. నా పడవ, మోటారు, ట్రెయిలర్, సామాను కలిపి దాదాపు 350 కిలోలు. బాత్రూంలో మనుషులు నిలబడే కాటా తెచ్చి, దాని మీద దుంగ నిలబెట్టి, ట్రెయిలర్ మూతిని బండి కొక్కెం ఎత్తులో దాని మీద ఆనించాను. స్తంభం జరపకముందు 19 కిలోలు. జరిపాక 26. వెనక మూల ఉండే పెట్రోలు డబ్బాని పడవ నడుమకి తెస్తే 33. ఆ ఏళ్లన్నీ మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 19 కిలోలతో నడిపానన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఇంకా చిన్నచిన్నవి చేశాను. ట్రెయిలర్ మూతి మీద వెడల్పాటి పలక బిగించి, దాని మీద గరుకు టేపు అతికించాను. ఇప్పుడు పాచిలో కాలు పెట్టే పని లేదు, పలక మీద నడిచి వెళ్లి వించి కొక్కెం తగిలిస్తాను. ముక్కుకి 20 అడుగుల తాడు కట్టాను. దింపేటప్పుడు ఆ తాడు రెండో కొస వించి స్తంభానికి కట్టి ఉంటుంది. పడవ తేలగానే బండిని కొంచెం ముందుకి లాగితే పడవ తనంతట తను జారి, తాడు చివర నిలబడుతుంది. ఒక్కటి మాత్రం ఎప్పుడూ మర్చిపోను. వించి పట్టీ, పడవ ముక్కుని పట్టి ఉంచే గొలుసు నీళ్ల అంచుకి వచ్చాకే విప్పాలి. పైన చదునులో విప్పేసి వాలు మీదికి వస్తే పడవ సిమెంటు మీదికి జారుతుంది.

ఇన్ని చేసినా లోతు తెలియకపోతే లాభం లేదు. ట్రెయిలర్ మరీ లోతుకి పోతే చెక్కల మీద పడవకి పట్టు ఉండదు, తేలుతూ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, బయటికి లాగేసరికి వంకరగా కూర్చుంటుంది. లోతు చాలకపోతే ఎండు తివాచీ మీద బరువంతా చేతులతో ఈడ్చాలి. నా ట్రెయిలర్‌కి కుదిరింది ఇది: ముందు మొత్తం ముంచి తివాచీ తడపాలి, తర్వాత చెక్కల ముందు మూడోవంతు నీళ్ల పైకి తేలేదాకా బండిని ముందుకి తేవాలి. ఆ లోతులో గైడ్ పోస్టు మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి ఎర్ర టేపు చుట్టాను. అద్దంలో ఎర్ర టేపు దగ్గరికి నీళ్లు రాగానే ఆపేస్తాను. ర్యాంపుని బట్టి వాలు మారుతుంది. వాలు ఎక్కువైతే ముందు అంతే లోతున్నా వెనక ఎక్కువ మునుగుతుంది. అందుకని వాలు ఎక్కువున్న రెండో ర్యాంపుకి ఇంకొంచెం పైన పసుపు టేపు.

మోటారు బలంతో పడవని ట్రెయిలర్ మీదికి ఎక్కించేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెయ్యను, ఎవరికీ చెప్పను. ఆ నీటి తోపుడుకి ర్యాంపు చివర మట్టి లేచిపోయి గొయ్యి పడుతుంది. వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు ఎవరిదో ట్రెయిలర్ చక్రం అందులో దిగబడుతుంది.

అక్టోబరులో ఓ సాయంత్రం, మళ్లీ అదే గాలి. ఎర్ర టేపు దగ్గర ఆపి, బ్రేకు వేసి, చక్రం కింద చెక్క పెట్టి, డాక్ మీదికి వెళ్లి తాడు విప్పి పడవని నడిపించుకుని వచ్చాను. గాలికి వెనక భాగం తిరగబోయింది, కుడి గొట్టానికి మెత్తగా తగిలింది, ఆగింది. పలక మీద నడిచి కొక్కెం తగిలించాను. వించి పిడి తిప్పితే పళ్ల చక్రం టకటకమంది. తడిసిన తివాచీ మీద పడవ కదులుతున్న చప్పుడు తడిబట్ట పిండినట్టుంటుంది. పదకొండు చుట్లకి ముక్కు రబ్బరుకి ఆనింది. వెనక్కి వెళ్లి చూశాను: పడవ వెనక పలక అంచూ చెక్కల చివరా ఒకే గీతలో ఉన్నాయి. చాలాసేపు ఆ గీత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

పైకి వచ్చాక నీళ్లు తీసే బిరడా విప్పి పడవలో చుక్క లేకుండా కార్చాలి. టెక్సాస్‌లో 2014 నుంచి రాష్ట్రమంతటా ఇది చట్టం. జీబ్రా మస్సెల్ అనే గుల్ల పడవల్లో మిగిలిన నీళ్లతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకుతుంది. ఈ రాష్ట్రంలో అది మొదట 2009లో టెక్సోమా అనే జలాశయంలో కనిపించింది.

మావాడు థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నాడు. ఆ టెక్సోమాకే వెళ్దామన్నాడు, చారల బాస్ చేపల కోసం. ఒక్కడినే చెయ్యడానికి ట్రెయిలర్ మార్చానని ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫొటో పంపు నాన్నా" అన్నాడు. పంపాను. టెక్సోమా ర్యాంపు వాలుకి పోస్టు మీద ఇంకా టేపు లేదు. నీలం టేపు చుట్ట కొని బండిలో పెట్టాను. ఎక్కడ చుట్టాలో వాడు నీళ్ల దగ్గర నిలబడి చెప్తాడు.