నేల విడిచే లెక్క

ముందుకు దూసుకుపోయే విమానానికి గాలే సగం పని చేసిపెడుతుంది. రెక్కలు బరువు మోస్తాయి. ముక్కు పక్కకు తిరిగితే తోక దాన్ని మళ్లీ దారిలో పెడుతుంది. అదే విమానం గాలిలో ఉన్నచోటే నిలబడాలంటే ఈ సాయాలేవీ అందవు. మొత్తం బరువును ఇంజిన్లే మోయాలి, అదీ ఏ పక్కకూ ఒరగకుండా. నిలువుగా లేచే జెట్ విమానాల కోసం ఎన్నో దేశాలు ప్రయత్నించాయి. సైన్యాల చేతికి అందినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంత కష్టమైన పనిని లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ల చేత చేయించే ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. పేరుకు రాకెట్ల ఆటే. నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మాత్రం అందులోని విమానాల హ్యాంగర్.

దీన్ని తయారుచేసింది మెక్సికో సిటీలోని స్క్వాడ్. అది అప్పటికి ఆటల కంపెనీ కాదు, మార్కెటింగ్ సంస్థ. అక్కడ పనిచేసే బ్రెజిల్ యువకుడు ఫెలిపె ఫలాంగె కుర్రతనంలో రేకు కాగితంతో చిన్న బొమ్మలు చేసి, తారాజువ్వలకు కట్టి ఎగరేసేవాడు. ఆ బొమ్మల పేరే కెర్బల్. తొలి కూర్పు 2011 జూన్ 24న బయటికొచ్చింది. 2015 ఏప్రిల్‌లో వచ్చిన 1.0 కూర్పులో గాలి ఒత్తిడి, రాపిడి లెక్కలను కొత్తగా రాశారు. విమానాలు కట్టేవాళ్లకు అసలైన మలుపు అదే.

ఆటలోని గ్రహం కెర్బిన్. వ్యాసార్థం 600 కిలోమీటర్లు, అంటే మన భూమిలో పదోవంతు కూడా లేదు. నేల మీద గురుత్వం మాత్రం మనదే, 9.81. ఈ ఒక్క నిర్ణయంతో ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలోని లెక్క అక్కడ యథాతథంగా పనిచేస్తుంది. టన్ను బరువును గాలిలో నిలపడానికి 9.81 కిలోన్యూటన్ల థ్రస్ట్ కావాలి. ఆటలో అన్నిటికన్నా చిన్న జెట్ ఇంజిన్ జూనో 20 కిలోన్యూటన్లు ఇస్తుంది. నాలుగు జూనోలను కిందికి తిప్పి బిగిస్తే 80. ఆరు టన్నుల విమానం నిలబడటానికి 59 చాలు, మిగిలింది పైకి లేవడానికి పనికొస్తుంది. ఎనిమిది టన్నులైతే 78.5 కావాలి. అప్పుడు విమానం నేల విడుస్తుందే గానీ, కొంచెం వంగినా మళ్లీ కిందికి జారుతుంది. ఆ బరువులో ఒక టన్ను ఈ నాలుగు ఇంజిన్లదేనని కూడా మరవకూడదు.

బరువు సరిపోయాక అసలు పని మొదలవుతుంది. హ్యాంగర్‌లో బటన్లు నొక్కితే మూడు గోళాలు కనిపిస్తాయి. పసుపుపచ్చది గరిమనాభి, ఊదాది థ్రస్ట్ కేంద్రం, నీలంది రెక్కల లిఫ్ట్ కేంద్రం. నిలువుగా లేచేటప్పుడు థ్రస్ట్ గీత గరిమనాభి గుండా పోవాలి. ముందుకు ఎగిరేటప్పుడు లిఫ్ట్ కేంద్రం గరిమనాభికి కొంచెం వెనక ఉండాలి. రెండు రకాల ఎగురుడూ ఆ పసుపు గోళం చుట్టూనే కుదరాలి. రెక్కను వెనక్కి జరిపితే గరిమనాభి కూడా కదులుతుంది, దాంతో కింది ఇంజిన్ల లెక్క చెడుతుంది. ఇంజిన్‌ను జరిపితే మళ్లీ రెక్క దగ్గరికి రావాలి. ఇలా చేయి పెట్టిన ప్రతిచోటా ఇంకోచోటి లెక్క మారుతుందని ఇంత సూటిగా చూపించిన పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

అంతటితో కూడా అయిపోదు, ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి. చిన్న విమానాలకు వాడే ఎంకే-1 ట్యాంకులో పట్టే 400 యూనిట్ల బరువు రెండు టన్నులు. ఆరు టన్నుల విమానంలో అది మూడో వంతు. ఆ ట్యాంకు తోక వైపు ఉందనుకోండి. బయల్దేరినప్పుడు చక్కగా లేచిన విమానం, దిగే వేళకు ముక్కు కిందికి వాల్చేస్తుంది. కావడి మోసేవాడికి ఒకవైపు కుండలోనే నీళ్లు కారిపోతే ఏమవుతుందో ఇక్కడా అంతే. అందుకే ఆరితేరినవాళ్లు ట్యాంకును గరిమనాభి మీదే కూర్చోబెడతారు, లేదా ముందూ వెనకా సమంగా పంచుతారు. నిండు ట్యాంకుతో ఒకసారి, ఖాళీ ట్యాంకుతో ఒకసారి గోళాల్ని చూసుకున్నాకే హ్యాంగర్ దాటుతారు. ఒక విమానం పనితనాన్ని నేను మొదట ఇక్కడే పరీక్షిస్తాను.

జెట్ ఇంజిన్‌కు ఇంకో గుణం ఉంది. థ్రాటిల్ పెంచగానే అది స్పందించదు, పుంజుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. కిందికి జారుతున్నామని గమనించాక థ్రాటిల్ పెంచితే ఆలస్యమైనట్టే. ఎత్తు చూపే అంకెలను కాదు, దిగే వేగాన్ని చూపే ముల్లును చూస్తూ, జారుడు మొదలవకముందే చేయి కదిలించాలి.

ఒక విషయంలో మాత్రం ఈ ఆట మీద నాకు ఫిర్యాదుంది. కాక్‌పిట్‌లో దాగి ఉండే రియాక్షన్ వీల్ అనే తిరిగే చక్రం ఉండాల్సినదానికన్నా చాలా బలమైనది. థ్రస్ట్ పక్కకు పడినా అది విమానాన్ని పట్టి నిలబెడుతుంది, కట్టినవాడి తప్పు కట్టినవాడికే కనబడదు. దాన్ని ఆపేసే వీలుంది. ఆపేసి, ముక్కుకూ తోకకూ రెక్కల చివరలకూ చిన్న థ్రస్టర్లు పెట్టి నడిపితే విమానం అసలు స్వభావం తెలుస్తుంది. నిజమైన హారియర్ విమానం చేసేదీ ఇదే. ఇంజిన్ నుంచి తీసిన గాలిని గొట్టాల ద్వారా ఆ నాలుగు కొసలకు పంపి, దానితోనే నిలకడ తెచ్చుకుంటుంది.

హారియర్ ప్రస్తావన లేకుండా ఈ విద్య గురించి మాట్లాడలేం. బ్రిటన్‌లో దాని తొలి రూపం పి.1127 తాళ్లతో కట్టి ఉండగానే 1960 అక్టోబర్ 21న మొదటిసారి గాలిలో నిలబడింది. అప్పటి పైలట్ బిల్ బెడ్‌ఫర్డ్ కాలికి సిమెంటు కట్టు ఉంది. దానికన్నా ముందు షార్ట్ ఎస్‌సీ.1 అనే ప్రయోగ విమానంలో పైకి లేవడానికి నాలుగు ఇంజిన్లు, ముందుకు పోవడానికి ఒకటి ఉండేవి. ఫ్రాన్స్ కట్టిన మిరాజ్ 3వీలో పైకి లేపడానికే ఎనిమిది. లేచాక అవన్నీ మోసుకుతిరగాల్సిన దండగ బరువు. హారియర్‌లోని పెగాసస్ ఇంజిన్ ఒక్కటే రెండు పనులూ చేసింది. గరిమనాభి దగ్గర కూర్చుని, తిరిగే నాలుగు నాజిళ్ల ద్వారా గాలిని కిందికో వెనక్కో తోసింది. ఆ కుటుంబానికి చెందిన సీ హారియర్లను మన నౌకాదళం 1983 నుంచి 2016 దాకా విక్రాంత్, విరాట్ నౌకల మీద నడిపింది. విశాఖ బీచ్ రోడ్డు మ్యూజియంలో ఒకదాన్ని చూడొచ్చు. వెళ్లినవాళ్లు పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేయకుండా, నాజిళ్లు రెక్క కింద సరిగ్గా ఎక్కడున్నాయో చూడండి.

ఆటలో ఒకే ఇంజిన్ థ్రస్ట్‌ను తిప్పి రెండు పనులకూ వాడే ఈ దారి 2019 మే నెలలో వచ్చిన బ్రేకింగ్ గ్రౌండ్ అనే అదనపు భాగంతో బాగా తెరుచుకుంది. అందులో తిరిగే కీళ్లు, రోటర్లు ఉన్నాయి. గరిమనాభికి చెరోవైపు ఒక్కో కీలు పెట్టి, దానికో పాంథర్ ఇంజిన్ బిగించొచ్చు. ఆఫ్టర్‌బర్నర్ లేకుండానే ఒక్కొక్కటి 85, రెండూ కలిపి 170 కిలోన్యూటన్లు. పది టన్నుల విమానానికి 98 చాలు. ఇంజిన్లను 45 డిగ్రీలకు వంచితే పైకి 120, ముందుకు 120. అంటే రెక్కలకు ఇంకా ఊపు రాకముందే విమానం కిందికి జారకుండా వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ రెక్కలు బరువు అందుకుంటాయి, ఇంజిన్లను మెల్లగా పూర్తిగా వెనక్కి తిప్పేయొచ్చు. ఆ చేతులు మారే కొద్ది సెకన్లలో ఎత్తు పెద్దగా తగ్గకుండా, ముక్కు ఊగకుండా సాగిపోయే విమానం చూస్తే, కట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. కీళ్లు కొంచెం ఊగుతాయి కాబట్టి తిరగడం అయ్యాక వాటిని లాక్ చేయడం మంచిది.

ఆట చెప్పని కష్టాలూ ఉన్నాయి. నేలకు తగిలి పైకి లేచిన వేడి గాలి మళ్లీ ఇంజిన్‌లోకే దూరితే థ్రస్ట్ తగ్గిపోతుంది. నిజమైన హారియర్ పైలట్లకు ఇది పెద్ద బెడద, ఆటలో దీని ఊసే లేదు. స్క్రీన్ మీద దిగినంత సులువుగా నౌక మీద దిగొచ్చని ఎవరూ అనుకోకూడదు.

అయినా ఈ విద్య ఎందుకంటే, మన మదనపల్లె వైపు ప్రయాణికుల విమానం దిగే చోటు లేదు. రేణిగుంటకో బెంగళూరుకో పోవాల్సిందే. 1,200 మీటర్లకు పైబడిన హార్స్‌లీ హిల్స్ మీద చదును నేల ఎంతుందో చూసినవాళ్లకు నిలువుగా దిగే విమానం ఎందుకని చెప్పక్కర్లేదు. ఆటలో అలాంటి చోటు లేత్. జూల్ అనే పెద్ద గ్రహానికి అది చందమామ. గాలిలో ఆక్సిజన్ ఉంది కాబట్టి జెట్ ఇంజిన్లు పనిచేస్తాయి. చాలాభాగం సముద్రమే, రన్‌వే లేదు. గురుత్వం కెర్బిన్‌లో 80 శాతమే గానీ, గాలి పలుచన కాబట్టి థ్రస్ట్ కూడా తగ్గుతుంది. ఇంటి దగ్గర కుదిరిన లెక్కను అక్కడి కోసం మళ్లీ వేసుకోవాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నా మనవి ఒకటే. నాలుగు జూనోలతో ఆరు టన్నుల్లోపు విమానం కట్టండి. రియాక్షన్ వీల్ ఆపేయండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ, దాదాపు ఖాళీ అయ్యాకా దాన్ని పది మీటర్ల ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టండి. అది కుదిరాకే రెక్కల సంగతి చూడండి.