వెనక వరుసలో కూర్చునే సారు

తుమ్మలపల్లె అనగానే బయటివాళ్లకు యురేనియం గని గుర్తుకొస్తుంది. వేముల మండలంలో తిరిగే నాకు ఆ చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న బడులు గుర్తుకొస్తాయి. ఒకటో రెండో గదులు, ఓ వరండా, అన్ని తరగతులకూ కలిపి ఒకరో ఇద్దరో టీచర్లు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో చదివి ఉద్యోగం తెచ్చుకున్న పిల్లలు రాష్ట్రమంతటా ఇలాంటి బడుల్లోనూ చేరారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారో రాసిన పియాజే వాళ్లకు తెలుసు, వైగాట్‌స్కీ తెలుసు. కానీ ఒకే గదిలో ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తూ, నాలుగో తరగతికి భిన్నాలు చెప్పడం ఎట్లాగో ఏ పుస్తకంలోనూ దొరకదు. అది పక్కనుండి చూపించే మనిషి కావాలి.

ఈమధ్య ఒక బడిలో చూసింది చెబుతాను. కొత్త మేడం బోర్డు మీద 52లోంచి 27 తీసేయమని లెక్క ఇచ్చింది. అదే స్కూల్ కాంప్లెక్స్‌లో పనిచేసే పెద్ద సారు ఒకాయన ఆ రోజు వచ్చారు. కుర్చీ వేయబోతే వద్దని, పిల్లల వెనక చాప మీద కూర్చున్నారు. ఆయన ముందున్న పాప పలక మీద 35 అని రాసింది. మేడం కొట్టేసి, పక్కనుండి పది అప్పు తెచ్చుకోవాలని మళ్లీ చెప్పింది. పాప బుద్ధిగా తలూపి మళ్లీ 35 రాసింది. సారు నోరు మెదపలేదు.

ఇంటర్వెల్లో వేపచెట్టు కింద నిలబడి అడిగారు: “ఆ పాపకు 35 ఎట్లొచ్చిందో చూసినావామ్మా?”

మేడం తెల్లబోయింది.

“రెండులోంచి ఏడు పోదు గదా. అందుకని ఏడులోంచే రెండు తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఒకటో తరగతిలో మనమే చెప్పినాం. ఆ మాట అది మరిచిపోలేదు.”

ఇంటర్వెల్ అయ్యాక మేడం చీపురుపుల్లల్ని పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టి ఇచ్చింది. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇమ్మంటే పాప కాసేపు ఆలోచించి, తానే ఒక కట్ట విప్పింది. ఆ తర్వాత పలక మీద 25 రాయడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. వెళ్లేముందు పెద్ద సారు తన ఫోన్ తీసి, పిల్లలు చదువుతుంటే మేడం రికార్డు చేసి వాళ్లకే వినిపించే పద్ధతి ఎట్లాగో చూపించమన్నారు. తన బడిలోనూ చేయాలట. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి అలా అడగడం నాకెంతో నచ్చింది.

బడికి వచ్చిపోయేవాళ్లకు కొదవ లేదు. హాజరు చూస్తారు, మధ్యాహ్న భోజనం చూస్తారు, మరుగుదొడ్ల ఫోటోలు అడుగుతారు. అవన్నీ అవసరమే. కానీ రిపోర్టు రాసే మనిషి ముందు ఏ టీచరూ తనకు రానిది బయటపెట్టదు, వచ్చిన పాఠాన్నే ఎంచుకుని చెబుతుంది. “ఇక్కడ నాకు చేతకావడం లేదు సార్” అనే మాట తోటి టీచరు దగ్గరే వస్తుంది. పని నేర్చుకోవడం ఆ మాటతోనే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

ఇదేమీ మనకు తెలియని సంగతి కాదు. 1989 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంలో టీచర్ సెంటర్లు పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసి, తాము తయారుచేసిన కృత్యాలను ఒకరికొకరు చూపించుకునేవారు. మన సీమలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరుండే బడులు నడిపారు. కార్డులతో, మెట్లుమెట్లుగా, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి అది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి ఆ బడులను కళ్లారా చూశారు. తిరిగి వెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే తయారుచేసుకున్నారు. కర్ణాటకలోని ‘నలి కలి’ బోధనా పద్ధతికి అదే మొదలు. పల్లె టీచరు పాఠం చెబుతుంటే పక్క రాష్ట్రపు టీచర్లు చూసి నేర్చుకున్నారు. మన కరువు నేల మీద మొదలైన ఆ పని గురించి మన కాంప్లెక్స్ మీటింగుల్లో ఎందుకు మాట్లాడుకోమో నాకు అర్థం కాదు.

2020 జాతీయ విద్యా విధానం మెంటరింగ్ కోసం ఒక జాతీయ మిషనే ఉండాలంది. ఏటా 50 గంటల వృత్తి శిక్షణ అంది. మంచిదే. ఆ గంటల్లో ఎక్కువ భాగం స్క్రీన్ ముందు వీడియోలు చూడడంతో గడిచిపోతే మాత్రం 35 రాసిన పాప సంగతి ఎవరికీ తెలియదు.

నేను అడిగేది చిన్నది. కొత్తగా చేరిన ప్రతి టీచరుకూ మొదటి ఏడాది, అదే కాంప్లెక్స్ నుంచి ఒక పెద్ద టీచరును తోడు ఇవ్వండి. నెలకు ఒక పూట పెద్ద టీచరు కొత్త టీచరు బడికి, ఇంకో పూట కొత్త టీచరు పెద్ద టీచరు బడికి వెళ్లాలి. పైకి ఏ కాగితమూ పోకూడదు. ఏకోపాధ్యాయ బడిలో టీచరు బయటికి వెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. క్లస్టర్ మొబైల్ టీచర్లు ఉన్నది టీచర్ల కొరత ఉన్న బడులకు వెళ్లడానికే కదా, ఆ ఒక్క పూట వాళ్లను పంపవచ్చు. ఏ పూట ఏ బడికో తేదీలు జూన్‌లో బడులు తెరిచేటప్పుడే కాంప్లెక్స్ హెచ్‌ఎం రాసి పెట్టుకుంటే చాలు.