మాటలేని దీవి

కావడి మోసి భుజము కాయగాచినవారు పండితులకన్న బాగుగా గ్రహింపగల చలనచిత్ర మొకటి కలదు. దాని పేరునకు “నగ్న ద్వీపము” అని అర్థము. జపాను దేశపు దర్శకుడు కానెటో షిండో దానిని 1960లో తీసెను. 1961లో మాస్కో చిత్రోత్సవమందు అది మరియొక చిత్రముతో కలిసి ప్రథమ బహుమానము పొందెను. అయినను మన పల్లెలలో దానిని చూచినవారు అరుదు.

కథ చిన్నది. సేటో సముద్రములో ఒక చిన్న దీవి. దానిమీద ఒకే కుటుంబము. భార్య, భర్త, ఇద్దరు మగబిడ్డలు. చుట్టును నీరే గాని త్రాగుటకు చుక్క లేదు. ఆలుమగలు ప్రొద్దు పొడువకమునుపే ప్రక్క దీవికి పడవ నడిపి, మంచినీరు తెచ్చి, కావళ్లతో నిటారు గట్టెక్కి, మొక్కమొక్కకు కొంచెము కొంచెముగా పోయుదురు. ఎండిన నేల అంతలోనే దానిని పీల్చివేయును. మరల పడవ, మరల కావడి. చిత్రమంతటిలో సంభాషణ దాదాపు లేదు. అలలు, తెడ్ల చప్పుడు, హికారు హయాషి కూర్చిన సంగీతము, ఇవియే వినబడును.

ఒకనాడు ఆమె కాలు తడబడి బక్కెట్టు ఒలికిపోవును. భర్త ఆమెను చెంపమీద కొట్టి పడవేయును. దర్శకుడు ఆ దెబ్బను దాచలేదు, సమర్థింపనూ లేదు. నీటిబొట్టు విలువ యెరిగినవాడే తోడు మోయుచున్న మనిషి విలువ మరచెను. ఒంటరితనము సముద్రమువలన మాత్రమే కలుగదనియు, ఒకే బాటను నడచు ఇద్దరి నడుమను అది ఉండగలదనియు అక్కడ తెలిసికొందుము.

తరువాత పెద్దకుమారుడు జబ్బుపడును. తండ్రి సముద్రము దాటి వైద్యుని తెచ్చునప్పటికి బిడ్డ ప్రాణము పోయి యుండును.

ఇచ్చట ఒక లోపము చెప్పవలెను. చనిపోయిన బిడ్డ ప్రక్కనైనను కన్నవారు ఒక్కమాట పలుకరా? మాటలు వలదను నియమము అక్కడ కొంత బలవంతముగా తోచును. అయితే ఆ మౌనమే కడపటి ఘట్టమునకు బలమిచ్చినది. పొలములో తల్లి ఉన్నట్టుండి నీరు పారబోసి, మొక్కలు పెరికి, నేలమీదపడి యేడ్చును. ఈసారి భర్త చేయి యెత్తడు. నిలిచి చూచి, మౌనముగా తన మొక్కలకు నీరు పోయును. కొంతసేపటికి ఆమెయు లేచి నీరు పోయును.

అతడు మారెనా? చిత్రము చెప్పదు. ఆ యెత్తని చేయి కొంత చెప్పుచున్నది. కాని ఓదార్పుమాట ఇంకను బాకీయే. మన యిండ్లలో మాటలేక మోయబడుచున్న కావడి ఎవరిదో, ఆ బాకీ ఎవరు తీర్పవలెనో, ఈ రాత్రి దీపమార్పకమునుపు చూచుకొందము.