జన్యువు కంటే ముందు కణం దొరకాలి

జన్యు చికిత్స వార్తలన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. చెడిన జన్యువు ఉన్నచోట మంచి జన్యువును చేర్చారు, రోగం కుదిరింది! ఆ జన్యువును చేర్చడానికి కణాలు ఎక్కడి నుంచి వచ్చాయని మీరెప్పుడైనా అడిగారా? ఫాంకోని రక్తహీనత విషయంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ వ్యాధిని 1927లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గిడో ఫాంకోని ముగ్గురు అన్నదమ్ముల్లో గుర్తించాడు. డీఎన్‌ఏకు తగిలే దెబ్బలను మన కణాలు ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటాయి. ఆ పని చేసే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడితే ఎముకల మూలుగలోని మూలకణాలు క్రమంగా నశిస్తాయి. రక్తం తయారయ్యేది ఆ కణాల నుంచే కదా!

సరిపడే దాత ఉంటే మూలుగ మార్పిడి చేయవచ్చు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లూక్‌మన్ బృందం ప్రపంచంలో తొలిసారిగా బొడ్డుతాడు రక్తం ఎక్కించింది ఈ వ్యాధి ఉన్న బాలుడికే. ఆ రక్తం అతని చెల్లెలిది. దాత లేనివారికి సొంత కణాలనే తీసి, సరిచేసి, తిరిగి ఎక్కించాలి. మామూలుగా ఇలాంటి మార్పిడికి శరీర బరువులో కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు కావాలంటారు. అంటే 20 కిలోల బిడ్డకు 4 కోట్లు. ఈ పిల్లల్లో కొరత ఉన్నది సరిగ్గా ఆ కణాలకే!

2019లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో స్పెయిన్‌కు చెందిన హువాన్ బ్వేరెన్ బృందం తన ఫలితాలు ప్రకటించింది. ఫిల్‌గ్రాస్టిమ్, ప్లెరిక్సాఫోర్ అనే మందులతో మూలకణాలను మూలుగ నుంచి రక్తంలోకి రప్పించారు. యంత్రంతో వాటిని వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కించారు. జన్యువును సరిచేసిన కణాలను కీమోథెరపీ లేకుండానే నలుగురు రోగులకు ఇచ్చారు. కాలం గడిచేకొద్దీ రక్తంలో వాటి వాటా పెరిగింది. జబ్బు కణాల నడుమ ఆరోగ్యమైన కణానిదే పైచేయి అవుతుంది మరి. కొందరు రోగుల్లో ఒక మూలకణంలోని లోపం దానంతటదే సరై, దాని సంతతే రక్తమంతా నిండడం వైద్యులు ముందే చూశారు.

ఈ పని మెచ్చదగినదే. అయినా రెండు మాటలు చెప్పక తప్పదు. నలుగురిలో కనిపించిన ఫలితం దారి చూపుతుంది. గమ్యం చేరినట్లు కాదు. పైగా సరైంది రక్తం మాత్రమే. నోటిలో, గొంతులో కణాలు పాత లోపంతోనే ఉంటాయి కనుక అక్కడ క్యాన్సర్ ముప్పు తొలగదు. 'వ్యాధి నయమైంది' అని రాయడం తొందరపాటు.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న వేరే ఉంది. కణాలను ఎప్పుడు తీయాలి? రక్తపరీక్షలో అంకెలు బాగా పడిపోకముందే మూలకణాల నిల్వ తరిగి ఉంటుంది. అప్పటికి బిడ్డ ఆడుతూ పాడుతూ ఉండవచ్చు. అలాంటి బిడ్డకు సూదులు, మందులు, గంటల తరబడి యంత్రం ఎందుకని తల్లిదండ్రులు వెనుకాడడం సహజం. ఆగితే మాత్రం విత్తనాలు కూడా మిగలవు. కాబట్టి త్వరగా వ్యాధిని గుర్తించి, తల్లిదండ్రులకు అంతా వివరించి, నిల్వ ఉండగానే కణాలను సేకరించడమే మేలని నా అభిప్రాయం.

ఈసారి ఇలాంటి వార్త చదివినప్పుడు ఎన్ని కణాలు దొరికాయో, జబ్బు ఏ దశలో ఉండగా తీశారో వెతకండి. ఆ రెండూ లేని వార్త సగం వార్తే.