గట్టంట సైకిలు

రావులపాలెం అరటి మార్కెట్టుకి తెల్లవారుజామున గెలలు తెచ్చే సైకిలుని దగ్గర నుంచి చూడాలి. దాన్ని తొక్కరు, నడిపించుకొస్తారు. కేరియరు మీద అడ్డంగా కర్ర, దానికి అటూ ఇటూ సమంగా వేలాడదీసిన గెలలు, కాయ కమిలిపోకుండా గెలకీ గెలకీ మధ్య దూర్చిన ఎండు అరటాకు. మనిషి ఎడమ పక్కన నడుస్తాడు. ఒక చెయ్యి హేండిలు మీద, రెండోది సీటు వెనక. సైకిలుని నిటారుగా పట్టుకోడు, బరువు వీసమంత తన వైపుకి వాలేలా పట్టుకుంటాడు. తన వైపు వాలిన బరువుని తుంటితో ఆపొచ్చు. అవతలికి వాలిందంటే ఎంత బలమున్న మనిషైనా ఆపలేడు, గెలలతో సహా బోదెలోకి పోవలసిందే. పన్నెండేళ్ళప్పుడు నాలుగు గెలల సైకిలు పట్టుకుని ఇరవై అడుగులు వేశాక ఆ సంగతి నాకు తెలిసింది. నలిగిన కర్పూర అరటి వాసన ఎక్కడ తగిలినా ఆ బోదె ఇప్పటికీ కళ్ళ ముందుకొస్తుంది.

ఆ మనుషులు వీలైనంత దూరం కాలవ గట్టంటే వస్తారు. గట్టు మీద లారీ గాలి తగలదు, ఎత్తూ పల్లం ఉండదు. కోనసీమలో సైకిలు బతికిందంటే ఈ రెండు కారణాల వల్లే బతికింది. నేనిక్కడ చెప్పదలుచుకున్నదీ ఇదే. మన గట్లు సైకిలు కోసం వేసినవి కావు గానీ, సైకిలు కోసమే వేసినా ఇంతకంటే బాగా వేయడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

గట్టు అంత చదునుగా ఉండడానికి కారణం నీరు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలవలు తవ్వించాడు. మధ్య డెల్టా అంటే మన కోనసీమే. దీని ప్రధాన కాలవ బొబ్బర్లంక దగ్గర బయల్దేరుతుంది. కాలవ నీరు పరుగెత్తకూడదు, పరుగెత్తితే గట్టు కోసేస్తుంది. నిలిచిపోనూ కూడదు, నిలిస్తే పూడిక వేస్తుంది. ఆ రెంటికీ మధ్య కంటికి ఆనని వాలు పెట్టి తవ్వారు. నేల మరీ పల్లానికి పోయిన చోట ఆ తేడానంతా ఒక్క చోటికి చేర్చి లాకు కట్టారు. లాకుకీ లాకుకీ మధ్య నీరు ఎంత నింపాదిగా పోతుందో దాని పక్కన గట్టూ అంత నింపాదిగా పోతుంది. పైనుంచి కిందికి వచ్చే సైకిలుకి దారిలో తగిలే ఎక్కుళ్ళూ దిగుళ్ళూ లాకు దగ్గరా వంతెన దగ్గరా మాత్రమే. అక్కడ దిగి పది అడుగులు నడిస్తే సరిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. ఈ కాలవలు పంట కోసమే కాదు, పడవల కోసం కూడా. తెరచాపకి గాలి అందనప్పుడు పడవకి మోకు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారు. లాగేవాడి కాలికి చెట్టూ పుట్టా అడ్డం రాకూడదు కాబట్టి ఆ వైపు గట్టుని శుభ్రంగా ఉంచేవారు. పడవలు పోయాయి, లాగినవాళ్ళ కాలిబాట మిగిలింది. ఆ బాట మీదే సైకిలు చేరింది.

ఫ్రాన్సులోనూ అచ్చం ఇలాగే జరిగింది. 1666 నుంచి 1681 దాకా పియెర్ పాల్ రికే తవ్వించిన మిదీ కాలవ సుమారు 240 కిలోమీటర్ల పొడవుంటుంది. అక్కడ పడవల్ని గుర్రాలు లాగేవి. గుర్రాలు నడిచిన గట్టు మీద ఇవాళ సైకిళ్ళు నడుస్తున్నాయి. 1996లో యునెస్కో ఆ కాలవని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మరుసటి ఏడు, 1997లో, బుర్గుండి ప్రాంతంలో మూతపడ్డ రైలు దారిని జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల మేర సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. క్లూనీలో పదో శతాబ్దం నాటి మఠం ఉంది, దారి పొడవునా ద్రాక్షతోటలు. అలాంటి దారుల్ని వాళ్ళు పచ్చదారులంటారు. మోటారు బండి రాకూడదన్న నియమంతో 2004లో వాటిని రోడ్డు చట్టంలోనే చేర్చారు. కోనసీమ నడిమికి రైలు దారే రాలేదు, కాబట్టి మూతపడ్డ దారీ మనకి లేదు. మనకి గట్టుంది, దాని పక్కన ఇంకా పని చేస్తున్న కాలవుంది. వాళ్ళ కాలవలో విహారం పడవలు తిరుగుతున్నాయి, మన కాలవ ఇవాళ్టికీ చేలకి నీళ్ళు పెడుతోంది.

గట్టు మీద తొక్కడం రోడ్డు మీద తొక్కడం లాంటిది కాదు. కాలవకి రెండు గట్లుంటాయి. ఒక గట్టు మీద తారు వేసి బస్సులకిచ్చేశారు, రెండోది మనది. చాలాచోట్ల రెండో గట్టు మీద జానెడు వెడల్పున ఒక గీత ఉంటుంది. ఏళ్ళ తరబడి టైర్లు నడిచి నడిచి తెల్లబడ్డ గీత. గడ్డి పక్కకి తప్పుకుని చక్రానికి చోటిస్తుంది. ఆ గీత మీద చక్రం నిలవాలంటే చూపు చక్రం మీద ఉండకూడదు, పది గజాల ముందుండాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకి పెద్దవాళ్ళు మొదట చెప్పేది, నీళ్ళకేసి చూడొద్దని. కన్ను ఎటుపోతే హేండిలు అటే పోతుంది. కాలవలో పడ్డవాళ్ళందరూ కాలవని చూస్తూ పడ్డవాళ్ళే.

ఎదురు మనిషి వస్తే గీత ఎవరిదన్న తగవు లేదు, బరువున్నవాడిదే. ఉత్త సైకిలువాడు దిగి గడ్డిలోకి తప్పుకుంటాడు. కావిడి మోసేవాడు వచ్చినా, మేత మోపుతో ఆడమనిషి వచ్చినా అంతే. “ఆయ్, వచ్చేయండి” అంటాడు దిగినవాడు, వచ్చేవాడు తలూపుతాడు. బెల్లు కొట్టి బరువు మనిషిని తప్పుకోమనడం మావైపు మర్యాద కాదు.

బురద సంగతి వేరే చెప్పాలి. వేసవిలో కాలవలు కట్టేసి, పూడిక తీసి గట్టు మీద పోస్తారు. ఎండలో అది పెళ్ళలు కడుతుంది, తర్వాత మెత్తటి దుమ్మవుతుంది. తొలకరి పడిన రెండు రోజులూ ఆ ఒండ్రు జిగురులా పట్టేస్తుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. తెలిసినవాళ్ళు జానెడు పుల్ల ఒకటి కేరియరులో పెట్టుకుంటారు, వంద గజాలకోసారి ఆగి పొడిచి బురద తీస్తారు. టైరులో గాలి కాస్త తక్కువుంటే గట్టు మీద పట్టు బాగుంటుంది, కానీ మరీ తక్కువైతే కొబ్బరి డొక్క మీద ఎక్కినప్పుడు ట్యూబు రిమ్ముకి తగిలి నొక్కుకుపోతుంది. బొటనవేలితో నొక్కితే టైరు కాస్తే లొంగాలి. సైకిలు షాపుల్లో గాలి చూసే పద్ధతి కూడా అదే.

అన్నిటికంటే పెద్ద విద్య గాలిది. సముద్రం పక్కనున్న సీమలో పొద్దుటి పూట గాలి దాదాపు పడిపోయి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి లోపలికి వీస్తుంది. అందుకే రాజోలు నుంచి అంతర్వేది వెళ్ళేవాళ్ళు చీకటితో బయల్దేరతారు, అన్నాలు తిని కాసేపు నడుం వాల్చి ఎండ చల్లబడ్డాక తిరుగుముఖం పడతారు. పొద్దున్న ఎదురుగాలి ఉండదు, సాయంత్రం పైరగాలి వీపున చెయ్యేసి తోస్తుంది. లెక్క తప్పి మధ్యాహ్నం సముద్రం వైపు బయల్దేరినవాడికి అదే దారి రెట్టింపవుతుంది. భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది కల్యాణానికి సైకిళ్ళ మీద పోయిన మా పెద్దవాళ్ళకి ఈ గాలి లెక్క పంచాంగం లాగా నోటికొచ్చు.

దారి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే బొబ్బర్లంక అంటాను. అక్కడి నుంచి ప్రధాన కాలవ వెంట ఆత్రేయపురం మీదుగా లొల్ల దాకా. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పల్చటి పిండి తడి గుడ్డతో లాగి, కాగితంలా లేచిన రేకుని తీస్తుంటే చూడకుండా ముందుకి పోకూడదు. లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలవ పాయలుగా చీలి, అమలాపురం వైపూ గన్నవరం వైపూ పోతుంది. తలుపుల సందుల్లోంచి దూకే నీటి హోరుకి కింద మాట్లాడేవాళ్ళ మాట వినబడదు. సినిమాల్లో చాలాసార్లు చూసిన చోటే, కానీ సినిమాలో ఆ చల్లటి తుంపర మొహాన పడదు. అక్కడికి దగ్గర్లోనే ర్యాలి. ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని.

గన్నవరం దారి పట్టినవాళ్ళకి చివర దొరికేది వైనతేయ. ఆ పాయకి అవతలున్న రాజోలు సీమకి నీరందాలంటే నది మీదుగా కాలవని దాటించాలి. 1850ల తొలినాళ్ళలోనే 49 ఖానాల అక్విడక్టు కట్టి నది మీద నదిని నడిపించారు. ఆ పని చేయించినవాడు హేగ్ అనే యువ ఇంజనీరు. మన కాలంలో దాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇంతకంటే తగిన పేరు దొరకదు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, లంకల గన్నవరంలో దారిన పోయేవాళ్ళెవరికీ అన్నం లేదనకుండా పెట్టింది. ఏరు దాటవలసిన చోట మనిషి ఆగాలి, ఆగిన మనిషికి ఆకలేస్తుంది. ఆ ఇల్లు ఉన్న చోటు కూడా ఆమె గొప్పతనంలో ఒక భాగమే అనిపిస్తుంది నాకు. సైకిలు మీద అక్కడికి చేరినవాడికి ఆ సంగతి పుస్తకం చదవకుండానే కడుపుకి తెలుస్తుంది.

వంతెన లేని చోట పంటు ఉంది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికీ, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికీ రేవు దాటే పంటు మీద సైకిలుకి ఎప్పుడూ చోటుంటుంది. ఇసుకలో దింపేటప్పుడు సైకిలుని నెట్టకూడదు, ముందు చక్రం కూరుకుపోతుంది. బార్ పట్టి ఎత్తి నాలుగడుగులు మోయాలి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఎలా నేలమట్టం చేసిందో మా తరం మరిచిపోలేదు. మర్నాడు దారుల నిండా కొబ్బరిచెట్లు అడ్డం పడి ఉన్నాయి. బస్సు కదల్లేదు, స్కూటరు కదల్లేదు. మా ఊరికి చుట్టాల కబురు తెచ్చినవాడు సైకిలు మీదే వచ్చాడు. చెట్టు అడ్డం వచ్చిన చోటల్లా సైకిలుని భుజాన వేసుకుని దాటి, ఖాళీ దొరికిన చోట తొక్కి, గట్టంట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రయాణం చేశాడట. మా అమ్మ ఆయన కాళ్ళకి నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఆ తర్వాతే కబురు అడిగింది.

ఇప్పుడు రెండో గట్టు మీదా తారు పడుతోంది. తారు వేస్తే మంచిదే, వానాకాలం పిల్లలు బడికి పోగలుగుతారు. కానీ తారు వెనకే కార్లొస్తాయి, కార్లు రాగానే గట్టు వెడల్పు చాలదంటారు, వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేస్తారు. గట్టుని పట్టుకుని ఉన్నది ఆ చెట్ల వేళ్ళే. మిదీ కాలవ గట్టున 2006 నుంచి తెగులు పట్టిన చెట్లని వేలకొద్దీ కొట్టవలసి వస్తే ఫ్రెంచివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని, వాటి చోట కొత్తవి నాటుతున్నారు. మనం తెగులు లేని చెట్లని కొట్టొద్దు. బొబ్బర్లంక నుంచి లొల్ల మీదుగా గన్నవరం దాకా రెండో గట్టుని సైకిలుకీ కాలికీ బండెడ్లకీ వదిలి, మోటారు బండి దూరకుండా రెండు చివర్లా రాళ్ళు పాతితే చాలు. దీనికి ప్రభుత్వం కొత్తగా భూమి కొనక్కర్లేదు. నూట డెబ్బై ఏళ్ళ కిందటే కొలిచి, చదును చేసి, నీటి పక్కన పెట్టిన దారి ఇది.

జూన్‌లో కాలవకి నీళ్ళొదిలే రోజు మాకు పండగ. లాకుల దగ్గర కబురు తెలియగానే సైకిళ్ళు గట్టెక్కేవి. కాసేపటికి దూరంగా ఎండు కాలవలో గోధుమరంగు పట్టీ ఒకటి కనిపించేది. దాని ముందు నురగ, ఎండుటాకులు, గడ్డి పరకలు, నెర్రెల్లోంచి లేచిపోయే పురుగులు, వాటి కోసం దిగే కొంగలు. ఆ తొలినీరు పరుగెత్తదు, పగుళ్ళన్నీ తాగి నిండాక మాత్రమే ముందుకి కదుల్తుంది. దానితో సమానంగా పోవాలంటే పడిపోకుండా తొక్కగలిగినంత నెమ్మదిగా తొక్కాలి. మేము ఆరుగురం వరసగా, ఒకడి వెనక ఒకడు, నీటి మొదటి అంచు పక్కనే, మా ఊరి తూము దాకా అలా తొక్కుకుంటూ వచ్చేవాళ్ళం. తూము దగ్గర మా నాన్న పార పట్టుకుని నిలబడి ఉండేవాడు.