పళ్లు కలుస్తున్నాయా?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక ఎక్స్‌రే ఫిల్ము. రాత్రిపూట కొండమోడు దగ్గర, వెనక దీపం లేకుండా మిర్చి టిక్కీలతో పోతున్న ట్రాక్టరును బైకుతో గుద్దిన కుర్రాడు మర్నాడు రాజుపాలెంలో నా దగ్గరికొచ్చాడు. వెంట వచ్చిన బాబాయి ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ముక్కు దూలం బాగానే ఉందన్నారండీ, ఎముకలేం విరగలేదంట" అన్నాడు. నేను కుర్రాణ్ని ఒక్కటే అడిగాను: "అబ్బాయ్, పళ్లు ఎప్పట్లాగే కలుస్తున్నాయా?" తల అడ్డంగా ఊపాడు. కింది పెదవి ఒక పక్క మొద్దుబారి ఉంది. దవడ విరిగిందని అనుమానించడానికి ఆ రెండూ చాలు. ముక్కు కోసం తీసిన ఫిల్ములో దవడ ఎక్కడ కనపడుతుంది?

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు. ముందు అడగాలి, తర్వాత తాకాలి, ఆ తర్వాతే ఫొటో.

దెబ్బ ఎలా తగిలిందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. మా పల్నాడులో బైకులు, తెల్లారుజామున కూలీలను కిక్కిరిసి ఎక్కించుకుపోయే ఆటోలు, తల విసిరే బండలాగుడు ఎడ్లు, కర్ర దెబ్బలు, బాత్‌రూంలో జారిపడే ముసలివాళ్లు. గడప తగిలిందని చెప్పే ఆడమనిషినైతే మగవాళ్లను బయటికి పంపి మళ్లీ అడగాలి. గెడ్డం మీద పడినవాళ్లకి గెడ్డానికి నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపేస్తారు. ఆ దెబ్బ పైకి పాకి చెవుల ముందున్న దవడ కీలు దగ్గర ఎముకను విరుస్తుంది. చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరవమనడానికి నిమిషం పట్టదు. పైగా కింద పడ్డ గాజు ఒక్కచోటే పగలనట్టు, దవడ కూడా తరచూ రెండుచోట్ల విరుగుతుంది. ఒకటి దొరకగానే రెండోదాన్ని వెతకాలి.

ఊపిరి ఆడుతోందా, మెడకు దెబ్బ ఉందా అన్నది చూశాకే ముఖం. కనుబొమలు, కంటి గట్టు, చెంప ఎముక రెండు పక్కలా ఒకేసారి తడిమితే ఎక్కడ మెట్టు తగులుతుందో వేలికి తెలుస్తుంది. కంటి కింద చెంప తిమ్మిరెక్కినా, ఒకటి రెండుగా కనపడినా కనుగుంట విరిగిందేమో చూడాలి. ముక్కులోంచి తేటనీరు కారితే జలుబని వదిలెయ్యకూడదు, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. చెక్కపుల్లను పళ్ల మధ్య గట్టిగా కొరకమని, విరిగేదాకా మెలితిప్పి చూస్తాం. పుల్ల విరగకముందే నొప్పికి నోరు తెరిచేస్తే దవడను అనుమానించాలి.

ఈ విద్యలో నాకు మొదటినుంచీ గురుతుల్యుడు ఫ్రాన్సులోని లీల్ నగరపు సర్జను రెనే లెఫోర్ట్. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రే కనిపెట్టినా అది ఇంకా పసితనంలోనే ఉన్న రోజులు. లెఫోర్ట్ 35 శవాల తలలు తీసుకుని కొన్నిటిని దుడ్డుకర్రతో కొట్టాడు, కొన్నిటిని బల్ల అంచుకి మోదాడు, తర్వాత మాంసం తీసేసి ఎముక చూశాడు. ముఖం ఇష్టమొచ్చినట్టు ముక్కలవదనీ, బలహీనమైన గీతల వెంటే విరుగుతుందనీ 1901లో ప్రకటించాడు. పైపళ్ల వరస మటుకే ఊడితే ఒకటో రకం, ముక్కుతో కలిసి ఊడితే రెండు, ముఖమంతా పుర్రె నుంచి విడిపోతే మూడు. ఇవాళ్టికీ పైపళ్లను పట్టుకుని కదిపి, దాంతోపాటు ఏది కదులుతోందో చూసి ఈ మూడింటినీ గుర్తుపడతాం.

చేతివేళ్ల గొప్పతనానికి సాక్షిగా ఇన్నాళ్లూ ఆయన్నే పిలుస్తూ వచ్చాను. ఈ వారం మళ్లీ ఆయన గురించి ఆలోచిస్తుంటే ఆ పనిలోని రెండో సగమే మనసులో నిలబడింది. చర్మం చెక్కుచెదరని తలల్లో కూడా లోపల ఎముక నుగ్గయింది. ఆయన దాన్ని తెలుసుకున్నది తడిమి కాదు, మాంసం తీసి కళ్లతో చూసి. మనకి బతికున్న మనిషిలో ఆ పని చేసిపెట్టేది సీటీ స్కాన్. ముఖం వాచిపోయాక ఏ మెట్టూ వేలికి తగలదు.

పిల్లల సంగతి మరీ కష్టం. కనుగుంట అడుగు పలక పెద్దవాళ్లలో పగిలి కిందికి దిగుతుంది. పిల్లల్లో వంగి మళ్లీ మూసుకుంటుంది. కంటిని తిప్పే కండరం అందులో ఇరుక్కుంటుంది. కన్ను ఎర్రబడదు, వాపూ ఉండకపోవచ్చు. బిడ్డ వాంతులు చేసుకుంటుంది, నాడి నెమ్మదిస్తుంది, పైకి చూడలేదు. కండరం చచ్చుబడకముందే, ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ కావాలి. అక్కడ ఎంత తడిమినా లాభం లేదు.

అందుకే బాబాయి ఫొటో కావాలనుకోవడాన్ని ఇక తప్పుపట్టను. తీయించవలసిన ఫొటో అది కాదు, అంతే. ముక్కు విరిగిందో లేదో చెప్పడానికి మామూలుగా ఎక్స్‌రేనే అక్కర్లేదు, వాపు తగ్గాక నాలుగైదు రోజులకి చూస్తే తెలుస్తుంది.

దెబ్బ తగిలిన పిల్లాణ్ని తల కదపకుండా పైకి చూడమనండి. ఒక కన్ను సగంలో ఆగిపోతే ఆ రోజే సత్తెనపల్లి మీదుగా గుంటూరు తీసుకెళ్లండి. పెద్దవాళ్లకైనా సరే, స్కాన్ చీటీలో 'తల' అని మాత్రమే ఉంటే దవడ అందులో పడకపోవచ్చు. 'ముఖం, కింది దవడతో సహా' అని రాయించుకోండి.